ఈమ్యాక్స్‌లో హిస్టరీ వేరియబుల్: డెఫ్‌వారా, సెట్‌క్యూనా, లెట్టా?

విడవలూరు వైపు మా బావకి ఏడు రొయ్యల గుంటలున్నాయి. వాటి లెక్కలు రాసేది నేను, నెల్లూరులో కూర్చుని, ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్లో. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వస్తుంది. ఏ గుంటకి ఎంత మేత పడింది, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ల పీహెచ్ ఎంత, ఉప్పు ఎంత అని ఆయన చెప్పుకుంటూ పోతాడు. ఆయన చెప్పే వేగానికి నా చేతులు అందుకోవాలని నాలుగు చిన్న కమాండ్లు రాసుకున్నాను. కమాండ్ ఒక్కో ప్రశ్న అడుగుతుంది, నేను జవాబు కొడతాను, అది ఫైలులో ఒక వరుసగా చేరుతుంది. ఇచ్చిన జవాబే మళ్లీ ఇవ్వాల్సి వస్తే మెటా-పీ (మామూలు కీబోర్డులో ఆల్ట్, పీ కలిపి) నొక్కితే చాలు, పాతది పైకొస్తుంది.

ఒక రాత్రి "ఏ గుంట?" అన్న ప్రశ్న దగ్గర మెటా-పీ నొక్కి, చూడకుండానే ఎంటర్ కొట్టాను. ఫైల్లో గుంట పేరు ఉండాల్సిన చోట "7.8" పడింది. అది అంతకు ముందు గుంట పీహెచ్. నాలుగు ప్రశ్నల జవాబులూ ఒకే చరిత్రలోకి (పాత జవాబుల జాబితా, ఈమ్యాక్స్ మాటల్లో హిస్టరీ) పోతున్నాయని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత దాన్ని సరిచేయడానికి ఉన్న దారులన్నీ ఒక్కొక్కటిగా పట్టి చూశాను. కొన్ని పనికొచ్చాయి, కొన్ని ఇంకో కొత్త తప్పు తెచ్చిపెట్టాయి. ఈమ్యాక్స్ భాష ఈలిస్ప్‌లో సొంతంగా కమాండ్లు రాసుకునేవాళ్లు దాదాపు అందరూ, హిస్టరీ వేరియబుల్‌ని డెఫ్‌వార్, సెట్‌క్యూ, లెట్‌లలో దేనితో పెట్టాలనే ఈ ఎంపిక దగ్గర ఆగుతారు కాబట్టి రాస్తున్నాను. కోడ్‌లోని మాటల్ని పలికినట్టుగా తెలుగులోనే రాశాను. మీ ఫైల్లో అసలు స్పెల్లింగులు వాడుకోండి.

తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తాను: ఫైలు పైభాగంలో, ఏ ఫంక్షన్ లోపలా కాకుండా, డెఫ్‌వార్‌తో నిల్ (అంటే ఖాళీ) విలువ పెట్టి హిస్టరీ వేరియబుల్‌ని డిక్లేర్ చేయండి. ప్రతి కమాండ్‌కీ ఒకటి కాదు, ప్రతి రకం జవాబుకీ ఒకటి.

(డెఫ్‌వార్ గుంట-పేరు-హిస్టరీ నిల్ "గుంట పేరు అడిగినప్పుడు ఇచ్చిన జవాబులు.")

(రీడ్-స్ట్రింగ్ "ఏ గుంట? " నిల్ 'గుంట-పేరు-హిస్టరీ)

రెండో వరుసలో వేరియబుల్ పేరు ముందున్న చిన్న కోట్ గుర్తుని బాగా చూడండి. దాని సంగతి కింద వస్తుంది.

అసలేమీ డిక్లేర్ చేయకపోతే

ప్రశ్న అడిగే రీడ్-స్ట్రింగ్ ఫంక్షన్‌కి హిస్టరీ చెప్పకుండా వదిలేస్తే జవాబులన్నీ మినీబఫర్-హిస్టరీ అనే ఉమ్మడి వేరియబుల్లోకి పోతాయి (మినీబఫర్ అంటే స్క్రీన్ అడుగున ప్రశ్న కనిపించే చోటు). చెప్పకుండా వదిలేసిన కమాండ్లన్నిటికీ అదే గతి. మీరు రాసినవే కాదు, వేరేవాళ్ల ప్యాకేజీల్లో ఉన్నవి కూడా అందులోనే కలుస్తాయి. ఒకే ఊరి చెరువులోకి అన్ని కాలవలూ తిప్పినట్టు. రోజుకి ఒక్కసారి అడిగి వదిలేసే ప్రశ్నకి ఇది చాలు, దానికోసం వేరియబుల్ పెంచుకోనక్కర్లేదు. వెంటవెంటనే నాలుగు రకాల ప్రశ్నలు అడిగే కమాండ్‌కి మాత్రం నాకు పడ్డట్టే దెబ్బ పడుతుంది.

విమ్ అనే ఇంకో ఎడిటర్ వాడేవాళ్లకి ఇక్కడ ఎంపికే లేదు. ఇన్‌పుట్ ఫంక్షన్‌తో అడిగిన ప్రశ్నలన్నిటికీ విమ్‌లో ఒకటే చరిత్ర. కమాండ్లకి వేరు, వెతుకులాటకి వేరు, ఎక్స్‌ప్రెషన్లకి వేరు ఉన్నాయి కానీ, మన ప్రశ్నకి మనమే ఒక చరిత్రకి పేరు పెట్టి పక్కన ఉంచుకునే వీలు ఈమ్యాక్స్‌లో ఉన్నంత సులువుగా అక్కడ లేదు. ఈ పనికి నేను ఈమ్యాక్స్ పట్టుకోవడానికి ఇదీ ఒక కారణం.

సెట్‌క్యూ

మొదట నేను చేసింది ఇదే. ఫైలు పైన (సెట్‌క్యూ గుంట-పేరు-హిస్టరీ నిల్) అని రాశాను. ఆ పూట బాగానే నడిచింది. గుంట పేర్లు ఒక పక్క, అంకెలు ఒక పక్క చక్కగా విడిపోయాయి.

తర్వాత సేవ్‌హిస్ట్-మోడ్ పెట్టుకున్నాను. ఈమ్యాక్స్ మూసినా హిస్టరీ పోకుండా ఒక ఫైల్లో దాచిపెట్టే మోడ్ అది. మామూలుగా ఈమ్యాక్స్ డైరెక్టరీలో హిస్టరీ అనే పేరుతోనే ఆ ఫైలు ఉంటుంది. 300 సెకన్లకోసారి, మూసేటప్పుడు ఇంకోసారి రాసుకుంటుంది. దాచుకున్నదాన్ని తెచ్చేది మోడ్ మొదలైనప్పుడు. నా సెట్టింగుల ఫైల్లో సేవ్‌హిస్ట్ పైనెక్కడో మొదలవుతుంది, గుంటల ఫైలు అన్నిటికంటే కింద లోడవుతుంది. అంటే ఏమవుతుంది? సేవ్‌హిస్ట్ నెలరోజుల జవాబులు తెచ్చి వేరియబుల్లో పోస్తుంది. వెనకాలే నా సెట్‌క్యూ వచ్చి మొత్తం ఊడ్చేస్తుంది. ఆ తర్వాత సేవ్‌హిస్ట్ మళ్లీ రాసుకునేటప్పుడు అక్కడ మిగిలిన ఖాళీనే నమ్ముతుంది కాబట్టి, డిస్క్ మీద ఉన్నదీ పోతుంది.

నేను ల్యాప్‌టాప్‌ని ఎప్పుడో గానీ మూయను. అందుకే చాలా రోజులు గమనించలేదు. రొయ్యల పట్టుబడి జరిగిన రాత్రి, కొన్నవాళ్ల పేర్లూ లారీ నంబర్లూ గబగబా కొట్టాల్సిన సమయంలో మెటా-పీ నొక్కితే ఏమీ రాలేదు. బావ అటు "రాసినావా, రాసినావా" అంటున్నాడు.

డెఫ్‌వార్ ఇలా చేయదు. వేరియబుల్‌కి అప్పటికే విలువ ఉంటే దాన్ని తాకదు, లేకపోతేనే నిల్ పెడుతుంది. సేవ్‌హిస్ట్ ముందొచ్చినా వెనకొచ్చినా జవాబులు భద్రం. ఫైలుని మళ్లీ లోడ్ చేసినా అంతే. హిస్టరీ విషయంలో సెట్‌క్యూకీ డెఫ్‌వార్‌కీ ఉన్న తేడాల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. మిగతా తేడాలు తెలియకపోయినా నష్టం లేదు, ఇది మాత్రం తెలిసి ఉండాలి.

ఒక్క జాగ్రత్త. డెఫ్‌వార్ వరుస మీద కర్సర్ పెట్టి కంట్రోల్-మెటా-ఎక్స్ నొక్కితే ఈమ్యాక్స్ దాన్ని ప్రత్యేకంగా చూసి, పాత విలువని తీసేసి మొదటి విలువ పెడుతుంది. కోడ్ సరిదిద్దుకునేటప్పుడు అలవాటుగా నొక్కేస్తాం. హిస్టరీ వేరియబుల్ మీద నొక్కకండి.

లెట్

వేరియబుల్ బయట ఎందుకు, ఫంక్షన్ లోపలే లెట్‌తో పెట్టుకుంటే శుభ్రంగా ఉంటుంది కదా అని వేరే భాషల్లో కోడ్ రాసి వచ్చినవాళ్లకి అనిపిస్తుంది. ఒంగోలులో ఉన్న మా పెద్దమ్మ కొడుకు పైథాన్ రాస్తాడు. వాడి మొదటి మాట అదే: "గ్లోబల్ ఎందుకన్నా, లోపల పెట్టుకోరాదా?"

పెట్టుకోకూడదు. కారణం రెండు రకాలుగా ఉంటుంది, మీ ఫైలు మొదటి వరుసని బట్టి.

ఆ వరుసలో లెక్సికల్ బైండింగ్ పెట్టకుండా పాత పద్ధతిలో డైనమిక్‌గా నడుస్తుంటే, లెట్ లోపలి వేరియబుల్ రీడ్-స్ట్రింగ్‌కి కనిపిస్తుంది. కానీ ఫంక్షన్ ముగియగానే లెట్ విడిచిపెడుతుంది, దాంతో పాటు జవాబు కూడా పోతుంది. ప్రతిసారీ ఖాళీ చరిత్రతో మొదలు. నేర్చుకున్న పాఠాన్ని ఇంటికొచ్చేసరికి మర్చిపోయే పిలకాయల్లాగా.

లెక్సికల్ బైండింగ్ పెట్టుకుని ఉంటే ఇంకా చిత్రం. ఈ సౌకర్యం 2012లో వచ్చిన ఈమ్యాక్స్ 24తో మొదలైంది, ఇప్పుడు రాసే ఫైళ్లన్నిటికీ అదే పెట్టుకోవాలి. అందులో లెట్‌తో పుట్టిన వేరియబుల్ ఆ కోడ్ ముక్కకే తెలుస్తుంది. రీడ్-స్ట్రింగ్‌కి మనం ఇస్తున్నది విలువ కాదు, పేరు. ఆ పేరు పట్టుకుని అది వెతికేది బయట, అందరికీ కనిపించే చోట. మీరు లెట్‌లో పెట్టిన గుంట-పేరు-హిస్టరీ ఒకటి, అది పట్టుకునే గుంట-పేరు-హిస్టరీ ఇంకొకటి. ఒకే వీధిలో ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరి ఉత్తరం ఇంకొకరికి చేరినట్టు. బైట్ కంపైలర్‌తో కంపైల్ చేస్తే, ఈ లెక్సికల్ వేరియబుల్‌ని ఎవరూ వాడటం లేదని హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక కనిపిస్తే పక్కకి తోసేయకండి.

డెఫ్‌వార్‌కి రెండో పని ఇక్కడే ఉంది. అది విలువ ఇవ్వడమే కాదు, ఈ పేరు ఎప్పుడూ డైనమిక్ అని ఈమ్యాక్స్‌కి చెబుతుంది. అలా ఒకసారి డెఫ్‌వార్‌తో డిక్లేర్ చేశాక, దాన్ని ఏదైనా ప్రత్యేక అవసరానికి లెట్‌తో కాసేపు మార్చుకోవచ్చు, లెక్సికల్ ఫైల్లో కూడా ఆ మార్పు రీడ్-స్ట్రింగ్‌కి కనిపిస్తుంది. అంటే లెట్ తప్పని కాదు, డెఫ్‌వార్ లేని లెట్ తప్పు.

విలువ లేకుండా (డెఫ్‌వార్ ఫలానా) అని ఒట్టి పేరు రాయడం కూడా ఉంది. అది వేరియబుల్‌కి విలువేమీ పెట్టదు, ఈ ఫైలు వరకు ఇది డైనమిక్ అని కంపైలర్‌కి చెప్పడమే. వేరే ప్యాకేజీలో ఉన్న హిస్టరీని మీ కమాండ్‌లో వాడుకోవాలంటే ఇది సరైన రూపం. మీ సొంత హిస్టరీకి మాత్రం నిల్ తప్పనిసరిగా రాయండి.

కోట్ గుర్తు మర్చిపోతే

ఎవరికైనా ఒక్క తప్పు గురించే చెప్పే అవకాశం ఉంటే నేను దీని గురించే చెబుతాను, ఎందుకంటే ఇది ఎర్రర్ ఇవ్వదు.

డెఫ్‌వార్ సరిగ్గా రాశారు. వాడేచోట మాత్రం కోట్ లేకుండా (రీడ్-స్ట్రింగ్ "ఏ గుంట? " నిల్ గుంట-పేరు-హిస్టరీ) అన్నారు. అప్పుడు పేరు బదులు దాని విలువ వెళ్తుంది. ఆ విలువ నిల్. నిల్ అంటే "హిస్టరీ చెప్పలేదు, ఉమ్మడిది వాడుకో" అని అర్థం. జవాబులు మినీబఫర్-హిస్టరీలోకి పోతాయి. మీ వేరియబుల్లోకి ఎప్పటికీ ఏదీ చేరదు కాబట్టి అది ఎప్పటికీ నిల్‌గానే ఉంటుంది, తప్పు ఎప్పటికీ బయటపడదు. మెటా-పీ నొక్కితే ఏవో పాత జవాబులు వస్తూనే ఉంటాయి, పనిచేస్తోందనే అనుకుంటాం. నాలుగు కమాండ్లలో ఒకదానిలో నాకు ఇలా జరిగింది, అంకెలు గుంట పేర్లలోకి రావడం మళ్లీ మొదలైతే గానీ తెలియలేదు.

సరిచూసుకోవడం తేలిక. కమాండ్ ఒకసారి నడిపి జవాబిచ్చాక, కంట్రోల్-హెచ్ వీ నొక్కి ఆ వేరియబుల్ పేరు ఇవ్వండి. జవాబు అందులో కనిపించాలి. ఇంకా నిల్ అని ఉంటే కోట్ చూడండి, లేదా ఆర్గ్యుమెంట్ స్థానం చూడండి. రీడ్-స్ట్రింగ్‌లో హిస్టరీది మూడో చోటు, రీడ్-ఫ్రమ్-మినీబఫర్‌లో ఐదోది, కంప్లీటింగ్-రీడ్‌లో ఆరోది. ఒకదాని నుంచి ఇంకొకదానికి మారేటప్పుడు ఇది తప్పిపోవడం చాలా మామూలు.

డెఫ్‌వార్-లోకల్, డెఫ్‌కస్టమ్, రింగ్

ఒక్కో గుంటకి ఒక్కో ఫైలు ఉంటే, ఆ గుంట గురించి రాసే మాటలు ఆ బఫర్‌కే (తెరిచిన ఫైలు ఈమ్యాక్స్‌లో ఉండే చోటుకే) పరిమితమైన హిస్టరీలో ఉంటే బాగుండునని ఆశ కలుగుతుంది. దానికి డెఫ్‌వార్-లోకల్ ఉంది. నిజానికి ఈమ్యాక్స్ దీనికి సిద్ధంగానే ఉంది: జవాబుని హిస్టరీలో చేర్చేది మినీబఫర్ నుంచి తిరిగి మీ బఫర్‌కి వచ్చాకే. కాబట్టి ఆ పూటకి నడుస్తుంది. చిక్కు దాచుకోవడం దగ్గర. బఫర్ మూసేస్తే దాని చరిత్ర పోతుంది. సేవ్‌హిస్ట్ ఒక వేరియబుల్‌కి ఒక విలువే రాసుకుంటుంది కాబట్టి ఏడు గుంటల ఏడు చరిత్రలు దానికి తెలియవు. షెల్ బఫర్లకి ఇలా బఫర్‌కొక చరిత్ర ఉంటుంది, కానీ దాన్ని ఫైల్లో రాసే, చదివే ఏర్పాటు ఆ బఫర్లని నడిపే కామింట్ ప్యాకేజీ సొంతంగా చేసుకుంది. మీరూ అంత పని చేయడానికి సిద్ధమైతేనే ఈ దారి. నేను సిద్ధపడలేదు.

డెఫ్‌కస్టమ్ వద్దు. అది మనిషి ఎంచుకునే సెట్టింగులకి. హిస్టరీ ఎవరూ ఎంచుకోరు, దానంతట అది పోగవుతుంది. నా ఫైల్లో గుంటల పేర్ల జాబితా డెఫ్‌కస్టమ్, ఎందుకంటే కొత్త గుంట తవ్వితే దాన్ని బావ మార్చుకోవచ్చు. ఆ జాబితాలోంచి నిన్న ఏం ఎంచుకున్నామన్నది డెఫ్‌వార్.

రింగ్ అనే వేరే నిర్మాణం ఉంది, నిండగానే పాతది పడిపోతుంది. మినీబఫర్ హిస్టరీకి అది సరిపడదు, దానికి కావాల్సింది మామూలు లిస్టు. సెర్చ్-రింగ్, కిల్-రింగ్ పేర్లు చూసి మోసపోకండి, అవీ లిస్టులే.

ఎన్ని హిస్టరీలు?

ఇక్కడ నా మాట కొంచెం గట్టిగానే చెబుతాను. కమాండ్‌కి ఒక హిస్టరీ పెట్టడం తప్పు. మేత కమాండ్, నీళ్ల కమాండ్, పట్టుబడి కమాండ్ మూడూ గుంట పేరు అడుగుతాయి. మూడింటికీ గుంట-పేరు-హిస్టరీ ఒకటే ఉండాలి. ఈమ్యాక్స్ తన సొంత కమాండ్లలో చేసేదీ ఇదే: ఫైలు పేరు అడిగే కమాండ్లన్నీ ఫైల్-నేమ్-హిస్టరీని పంచుకుంటాయి, తెరిచేదైనా వేరే పేరుతో రాసేదైనా. మీ కమాండ్ ఫైలు పేరు అడిగితే కొత్తది సృష్టించకండి, దాన్నే వాడండి. వర్టికో లాంటి ప్యాకేజీ వాడేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, అది ఎంచుకోవాల్సిన జవాబుల జాబితాని హిస్టరీ ప్రకారం వరసపెడుతుంది. హిస్టరీలో చెత్త కలిస్తే జాబితా వరసే చెడుతుంది.

అంకెలకి మాత్రం హిస్టరీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మేత కిలోలు, పీహెచ్, ఉప్పు రోజూ కొద్దికొద్దిగా మారుతుంటాయి. అక్కడ కావాల్సింది నిన్నటి విలువ డీఫాల్ట్‌గా రావడం. ఒట్టి ఎంటర్ కొడితే అదే, మార్చాలంటే మెటా-ఎన్ నొక్కి తెచ్చుకుని ఒక అంకె దిద్దడం. దాన్ని ఇనీషియల్ ఇన్‌పుట్‌గా ముందే పెట్టి ఉంచడం కంటే ఇది నయం. లిస్ప్ మాన్యువల్ కూడా ఆ ముందే పెట్టి ఉంచే పద్ధతిని వద్దనే అంటుంది. నేనైతే 40 కిలోల మేత 4038 అయిన రాత్రి నుంచి దాన్ని ముట్టుకోలేదు.

పొడవు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇప్పటి ఈమ్యాక్స్‌లో హిస్టరీ-లెంగ్త్ 100. ఏడు గుంటల పేర్లకి నూరు జవాబులు దండగ. ఒక్క వేరియబుల్‌కే తగ్గించుకోవాలంటే (పుట్ 'గుంట-పేరు-హిస్టరీ 'హిస్టరీ-లెంగ్త్ 20) అని డెఫ్‌వార్ కిందే రాయండి. వెంటవెంటనే అదే జవాబు ఇస్తే రెండోసారి చేరదు, ఖాళీ జవాబూ చేరదు. మధ్యలో ఉన్న నకళ్లు కూడా పోవాలంటే హిస్టరీ-డిలీట్-డూప్లికేట్స్‌ని టీ (ఈలిస్ప్‌లో "అవును") చేసుకోవాలి.

తెలుగులో జవాబులు కొట్టేవాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. నకళ్లని పోల్చడం అక్షరం అక్షరం. "నెల్‌లూరు" అన్నట్టు మధ్యలో కంటికి కనిపించని నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) పడిన మాటా, పడని మాటా ఈమ్యాక్స్‌కి రెండు వేర్వేరు మాటలు. మాట చివర అది పడితే స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపించవచ్చు కూడా. ఫోన్‌లో కొట్టి పంపినదాన్ని కాపీ చేసి అతికించినప్పుడు ఇలా దూరుతుంది. అందుకే గుంట పేర్లకి నేను రీడ్-స్ట్రింగ్ మానేసి జాబితాలోంచి ఎంచుకోనిచ్చే కంప్లీటింగ్-రీడ్‌కి మారాను, దానికి రిక్వైర్-మ్యాచ్ టీ అని ఇస్తే జాబితాలో ఉన్న రూపమే హిస్టరీలోకి వెళ్తుంది. వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, ఈలిస్ప్ ఒప్పుకుంటుంది. కానీ అదే నాన్-జాయినర్ పేరులోకి దూరితే ఒక వేరియబుల్ రెండవుతుంది. కోడ్‌లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, జవాబులు తెలుగులో అన్నది నా పద్ధతి.

పేరు ముందు మీ ఫైలు పేరో ప్యాకేజీ పేరో తగిలించండి, చివర హిస్టరీ అని ఉంచండి. డెఫ్‌వార్ గ్లోబల్ కాబట్టి ఒట్టి పేరు-హిస్టరీ అని పెడితే ఇంకెవరి ప్యాకేజీలోనో అదే పేరుండొచ్చు.

ఏ జవాబునీ గుర్తుపెట్టుకోకూడదంటే హిస్టరీ చోట టీ ఇవ్వాలి, కోట్ లేకుండా. పాస్‌వర్డ్ అడిగే రీడ్-పాస్‌డబ్ల్యూడీ ఫంక్షన్ లోపల చేసేది ఇదే. మా ఫైల్లో అలాంటి ప్రశ్న ఒకటుంది. పట్టుబడి రోజు ల్యాప్‌టాప్ గట్టు మీదికే తీసుకెళ్తాను. కొనడానికి వచ్చినవాళ్లు పక్కనే నిలబడి చూస్తుంటారు. 60 కౌంట్‌కి (కిలోకి 60 రొయ్యలు తూగే సైజుకి) ఒకరు చెప్పిన రేటు కొట్టాక, ఇంకొకరి ముందు పొరపాటున మెటా-పీ నొక్కితే ముందటి రేటు స్క్రీన్ మీదికొస్తుంది. ఒకసారి వచ్చింది కూడా. బావ అక్కడ ఏమీ అనలేదు, ఇంటికొచ్చాక అన్నాడు: "ఆ రేటు ఒక్కటి మాత్రం దాన్ని మర్చిపోమను." రేటు అడిగే వరుసలో ఇప్పుడు టీ ఉంది.